నామాల కోళ్ల చెరువు గట్టున ఒక ఆట పెట్టె

ఒక చిన్న డబ్బా. అందులో చేత్తో చెక్కిన రబ్బరు స్టాంపు ఒకటి, నోటుపుస్తకం ఒకటి. ఆ డబ్బాని నలుగురూ తిరిగే చోటే కంటపడకుండా దాస్తారు. ఎక్కడ దాచారో నేరుగా చెప్పరు, పొడుపు కథ కట్టి వదులుతారు. దాన్ని విప్పుకుంటూ వెళ్లి డబ్బా పట్టుకున్నవాళ్లు అందులోని స్టాంపుని తమ పుస్తకంలో వేసుకుంటారు. తమ సొంత స్టాంపుని డబ్బాలోని పుస్తకంలో వేసి, తేదీ రాసి, డబ్బాని మళ్లీ అక్కడే పెట్టి వచ్చేస్తారు. లెటర్‌బాక్సింగ్ అనే ఆట ఇంతే. బహుమతులు లేవు, గెలుపూ ఓటమీ లేవు. పోయిన కార్తీకంలో మా ఊరి చెరువు గట్టున నేను అలాంటిది ఒకటి పెట్టాను. ఎలా చేశానో, ఏమేం చూసుకున్నానో రాస్తే మరో ఊళ్లో మరెవరైనా పెడతారని ఆశ.

ఈ ఆట పుట్టింది ఇంగ్లండులోని డార్ట్‌మూర్ అనే చోట. ఎక్కువగా బీడు, బురద, రాళ్ల గుట్టలు ఉండే మెరక ప్రాంతం అది. 1854లో చాగ్‌ఫర్డ్ అనే ఊరి గైడు జేమ్స్ పెరట్, ఆ బీడు మధ్యలో ఉన్న క్రాన్‌మియర్ పూల్ దగ్గర ఒక గాజు సీసా పెట్టాడు. అంత దూరం నడిచి వచ్చినవాళ్లు గుర్తుగా తమ పేరున్న కార్డు అందులో వేసి వెళ్లేవాళ్లు. తర్వాత తమ అడ్రసే రాసిన పోస్టుకార్డులు వదలడం మొదలైంది. వెనకాల వచ్చినవాళ్లు వాటిని తీసుకెళ్లి పోస్టులో వేసేవాళ్లు. స్టాంపులు ఆ తర్వాత వచ్చాయి. 1998లో స్మిత్‌సోనియన్ పత్రికలో ఒక వ్యాసం వచ్చాక అమెరికాలో కూడా ఈ ఆట బాగా పాకింది. 2000లో మొదలైన జియోకాషింగ్ అనే ఇలాంటి వెతుకులాట ఆటకి జీపీఎస్ కావాలి. దీనికి అదీ అక్కర్లేదు.

నాకు ఇదంతా చెప్పింది డార్ట్‌మూర్‌కి దగ్గర్లోని ఎక్సెటర్‌లో చదువుకున్న మా మేనల్లుడు. "అత్తా, పిల్లల్ని వెంటేసుకుని చెరువు గట్టున తిరుగుతావు కదా, ఈ ఆట నీకోసమే" అన్నాడు. 1854 అనగానే నాకు మన ధవళేశ్వరం గుర్తొచ్చింది. కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది 1852లో. అంటే అక్కడ పెరట్ సీసా పెట్టే రోజులకి ఇక్కడ గోదావరి నీళ్లు డెల్టా కాలువల్లోకి కొత్తగా పారుతున్నాయి. మా చెరువు ఏటా నిండేది ఆ కాలువ నీళ్లతోనే. అందుకేనేమో ఆ రెండు తేదీలూ నా మనసులో పక్కపక్కనే ఉండిపోయాయి.

మాది పాలకొల్లుకి దగ్గర్లో ఒక పల్లెటూరు. హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. ఊళ్లో రెండు చెరువులున్నాయి. ఒకటి మంచినీళ్ల చెరువు, దానికి కంచె ఉంది. ఆ ఛాయలకి జనాన్ని పంపే ఆట ఏదీ పెట్టకూడదు. రెండోది రామాలయం వెనకాల ఉన్న ఊరచెరువు. సగం తామరాకు, ఒక మూల గుర్రపుడెక్క, దక్షిణం గట్టు వారన జమ్ము, మిగతాది తేట నీళ్లు.

చలి మొదలయ్యేసరికి ఆ తేట నీళ్లలోకి నామాల కోళ్లు దిగుతాయి. ఒళ్లంతా నలుపు, నుదుటి నుంచి ముక్కు దాకా తెల్లగా నామం దిద్దినట్టు ఉంటుంది. బాతుల్లో కలిసి ఈదుతాయి కానీ బాతులు కావు. బాతుకి వేళ్ల మధ్య తోలు ఉంటుంది, వీటికి ఒక్కో వేలికీ విడివిడిగా రెబ్బలుంటాయి. తామరాకుల మీద బాగా పొడుగు వేళ్లతో నడిచే పిట్ట ఇంకొకటి ఉంది. ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోతే పొదిగేదీ పిల్లల్ని సాకేదీ మగదే. గుప్పెడంత ఉండి బుడుంగున మునిగి ఇంకెక్కడో తేలేది మరొకటి. పొద్దుగూకే వేళ ఈలబాతులు గుంపుగా లేచి ఈల వేసుకుంటూ చేల మీదికి పోతాయి. ఇన్ని రకాలు కళ్ల ముందే ఉంటే మా ఊళ్లో చాలామంది అన్నిటినీ కలిపి "నీటికోళ్లు" అనేసి బండి ఆపకుండా వెళ్లిపోతారు. నాకు అది బాధగా ఉండేది. ఓ పావుగంట సేపు ఆ గట్టు మీద మనిషిని కూర్చోబెట్టే ఉపాయం ఏదైనా ఉందా అని ఎప్పటినుంచో వెతుకుతున్నాను. ఈ ఆటలో అది దొరికింది.

ముందు స్టాంపు. బొమ్మ ఏదో ఆలోచించాల్సిన పని లేకపోయింది, నామాల కోడే. చెక్కడానికి కూడా అదే తేలిక. రబ్బరు స్టాంపులో మనం చెక్కి తీసేసినది తెల్లగా పడుతుంది, వదిలేసినది రంగుగా పడుతుంది. నల్లపిట్ట కాబట్టి ఒంటిని ముట్టుకోనక్కర్లేదు. చుట్టూ ఉన్న ఖాళీ, నామం, ముక్కు, కంటి చుట్టూ ఒక సన్నటి గీత, ఇవి తీస్తే చాలు.

స్టేషనరీ కొట్లో పెద్ద సైజు ఎరేజరు ఒకటి కొన్నాను. నలిపితే పొడి రాలేది పనికిరాదు, కాస్త మెత్తగా సాగే ప్లాస్టిక్ రకం కావాలి. బొమ్మని పల్చటి ట్రేసింగ్ కాగితం మీద మెత్తటి పెన్సిలుతో ఒత్తుగా గీశాను. ఆ కాగితాన్ని బోర్లించి రబ్బరు మీద పెట్టి, కదలకుండా పట్టుకుని, వెనక నుంచి గోటితో రుద్దాలి. పెన్సిలు గీత అంతా రబ్బరుకి అంటుకుంటుంది, అదీ తిరగేసి. ఆ తిరగేసిన బొమ్మని చెక్కితే స్టాంపు వేసినప్పుడు మళ్లీ సరిగ్గా పడుతుంది. ఎడమా కుడీ లెక్క మనం వేసుకోనక్కర్లేదు, కాగితమే వేసిపెడుతుంది. తెలుగు అక్షరాలు చెక్కేవాళ్లకి ఈ పద్ధతి మరీ అవసరం. మన సున్నాలూ గుడులూ దీర్ఘాలూ ఆలోచించి తిరగేసి రాయడం చాలా కష్టం.

చెక్కడానికి సన్నటి పేపరు కత్తి, ఒక చిన్న వి ఆకారపు ఉలి వాడాను. కత్తిని నిలువుగా దించకూడదు. గీత పక్కన ఆనించి, బొమ్మ నుంచి బయటికి వాలేటట్టు ఏటవాలుగా కోయాలి. అప్పుడు మిగిలిన గీతకి అడుగు వెడల్పుగా ఉంటుంది, ఎన్నిసార్లు ఒత్తినా పక్కకి ఒరగదు. ఇంకొకటి, వంపు వచ్చిన చోట కత్తి తిప్పకూడదు, రబ్బరునే తిప్పాలి. కత్తి పట్టిన చెయ్యి ఒకే చోట ఉండి, ఎడమచేతిలో పిట్ట మెల్లగా తిరుగుతూ ఉంటే మెడ వంపు, వీపు వంపు ఎక్కడా తెగకుండా వచ్చాయి. కన్ను దగ్గర మాత్రం ఊపిరి బిగపట్టాను. ఆవగింజంత చుక్క మిగలాలి, దాని చుట్టూ తెల్లటి గీత రావాలి. ఉలి మొనని అక్కడే ఉంచి రబ్బరుని ఒక చుట్టు తిప్పాను. ప్యాడ్ మీద అద్ది తెల్లకాగితం మీద వేస్తే, ఊదారంగు సిరాలో నామాల కోడి నా వైపు ఓరగా చూసింది. మా వారు పేపరు పక్కన పెట్టి లేచి వచ్చారు చూడ్డానికి.

తర్వాత అనుమతులు. ఊరి ఆస్తి మీద డబ్బా పెట్టేటప్పుడు నలుగురికీ చెప్పి పెట్టడమే పద్ధతి. పంచాయతీ ప్రెసిడెంటు గారు అంతా విని, "మంచిదేనమ్మా, కానీ పైన ఏంటో రాయండి. ఎవరో చూసి పోలీసులకి ఫోన్ కొడితే లేనిపోని టెన్షన్" అన్నారు. న్యాయమైన మాట. మూత మీద పెద్ద అక్షరాలతో "ఇది పిల్లల ఆట పెట్టె. స్టాంపు, పుస్తకం ఉన్నాయి. చూసి ఇక్కడే పెట్టండి" అని రాసి, పైన పారదర్శకంగా ఉండే టేపు అంటించాను. పంచాయతీకి ఒక కాగితం కూడా ఇచ్చాను.

అసలు అడగాల్సింది ఇంకొకరు ఉన్నారు. ఊరచెరువులో చేపల పాట ఉంటుంది. ఆ ఏడాదికి పాట పాడుకున్నాయన శీలావతి, బొచ్చె వేసుకుంటాడు, ఆయనకి పెట్టుబడి నీళ్లలో ఉంటుంది. నీటికాకులు చేపపిల్లల్ని తినేస్తాయని పొద్దున్నే టపాకాయలు కాల్చేవాడు. ఆ చప్పుడుకి నీటికాకులతో పాటు నామాల కోళ్లూ లేచిపోయేవి. "గట్టు మీదే తిరుగుతారు, నీళ్లలో ఎవరూ చెయ్యి పెట్టరు" అని చెప్పాను. "ఆయ్, నాకేం ఇబ్బందండీ టీచర్ గారూ. గట్టున మనుషుల అలికిడి ఉంటే దొంగచాటుగా వలేసేవాళ్లకి కూడా భయం ఉంటది" అన్నాడు. ఆదివారం పొద్దున్న టపాకాయలు మానేస్తానని ఆయనే అన్నాడు, నేను అడగలేదు. ఆ మాట ఈరోజుకీ నిలబెట్టుకుంటున్నాడు.

దాచే చోటు దగ్గర చాలా ఆలోచించాను. డార్ట్‌మూర్‌లో ఎటు చూసినా రాళ్లే, ఏ రాయి వెనకైనా డబ్బా పెట్టొచ్చు. మన డెల్టాలో ఒండ్రు తప్ప రాయి ఎక్కడుంది? మొదట కళ్లు చెట్టు తొర్రల మీదికే పోతాయి. కానీ ఈలబాతులు గుడ్లు పెట్టేది తరచుగా చెట్టు తొర్రల్లోనే, పైడికంటెలనే గుడ్లగూబలూ అంతే. తొర్ర ఖాళీగా కనిపించినా అది ఎవరిదో ఒకరిది. జమ్ములో పెడదామంటే అది నీటికోళ్లు గూళ్లు కట్టుకునే చోటు, పైగా పిల్లల్ని నీళ్ల అంచుకి పిలిచినట్టవుతుంది. రేవు మెట్ల సందుల్లో పాముల భయం. రావిచెట్టు కింద నాగప్రతిష్ఠ ఉంది, అది పూజ చేసుకునే చోటు. డార్ట్‌మూర్ ఆటగాళ్ల నియమాల్లో కూడా పురాతన కట్టడాల్లో, గోడల్లో పెట్టకూడదని, ప్రమాదం ఉన్న చోట పెట్టకూడదని, సిమెంటు వేసి బిగించకూడదని ఉంది. నేను వాటికి ఇంకొకటి కలుపుకున్నాను: వెతికేవాడు గట్టు మీది కాలిబాట దిగాల్సిన అవసరం రాకూడదు.

చివరికి చోటు చూపించింది మా వీధి మామ్మగారు. మిక్సీలు వచ్చాక ఇళ్లలోని రుబ్బురోళ్లు పెరట్లోంచి గట్ల మీదికి వచ్చి పడ్డాయి. వాళ్లది కూడా తూము దాటాక ఉన్న నేరేడు చెట్టు మొదట్లో పక్కకి ఒరిగి పడుంది. గుంట చెట్టుకేసి తిరిగి ఉంది, చెట్టుకీ దానికీ మధ్య జానెడు సందు. దారిన పోయేవాళ్లకి రాయి వీపే కనిపిస్తుంది. గుండ్రటి ప్లాస్టిక్ డబ్బా ఆ గుంటలో కొలిచి చేసినంత చక్కగా కూర్చుంది. వాన నీళ్లు నిలవవు, ఎండ తగలదు. "వాడుకో అమ్మాయ్, దానికీ మళ్లీ ఒక పని దొరికింది" అంది మామ్మగారు.

తాచు, కట్లపాము, రక్తపింజర తిరిగే నేల మనది. సందులో చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టాలి, వంగి చూడాలి. దాన్ని విడిగా హెచ్చరికలా రాస్తే పిల్లలు చదవరని పొడుపు కథలోనే కలిపేశాను. అది ఇది:

రామాలయం వెనక రేవు. మెట్లు దిగకు, గట్టు పట్టు.
నీళ్లు ఎడమచేతి వైపే ఉండాలి, ఎప్పుడూ.
నోరుంది, మాట లేదు. నీళ్లు తాగుతుంది, దాహం తీరదు. దాన్ని దాటు.
తిన్నవాళ్ల నాలుక చూస్తే దాని పేరు తెలుస్తుంది. ఆ నీడలో కూర్చో.
ముందు చెరువుని చూడు. ఎవరెవరు కనిపించారో గుర్తుపెట్టుకో.
ఊరందరి పిండీ రుబ్బింది, ఒక్క గారె తినలేదు. ఇప్పుడు చెట్టుకేసి తిరిగి పడుకుంది.
కర్రతో తట్టు, వంగి చూడు, అప్పుడు చెయ్యి పెట్టు.

నామాల కోళ్లని ఆనవాలుగా పెడదామనిపించింది కానీ మానేశాను. అవి ఉన్న చోటే ఉండవు, వాటిని వెతుక్కుంటూ పిల్లలు జమ్ము వైపు పోతారు. పిట్టల్ని ఆనవాలుగా వాడకూడదు, చూడ్డానికే వదిలెయ్యాలి. అందుకే నేరేడు నీడలో కూర్చోమన్నాను. అక్కడి నుంచి తామరాకు, తేట నీళ్లు రెండూ కనిపిస్తాయి. పిట్టలకీ మనిషికీ మధ్య అవి బెదరనంత దూరం ఉంటుంది.

డబ్బాలోని పుస్తకానికి మందపాటి డ్రాయింగు కాగితం మడిచి సూదీదారంతో కుట్టాను. నున్నటి కాగితం మీద స్టాంపు సిరా ఆరదు, చెయ్యి తగిలితే పూసుకుపోతుంది. పెన్ను బదులు పెన్సిలు పెట్టాను, ఎందుకంటే చెమ్మ తగిలినా పెన్సిలు రాత చెదరదు. స్టాంపుకి ఒక జిప్ కవరు, పుస్తకానికి వేరే జిప్ కవరు. మందు సీసాల్లో వచ్చే తేమ పీల్చే గుళికల పొట్లాలు దాచిపెట్టేదాన్ని, అవి రెండు కవర్లలోనూ వేశాను. ఇంక్ ప్యాడ్ మాత్రం డబ్బాలో పెట్టకూడదు. వేసవిలో ఎండిపోతుంది, మూత ఊడితే అన్నిటికీ పులుముకుంటుంది. ఎవరి ప్యాడ్ వాళ్లు తెచ్చుకోవడమే ఈ ఆటలో మామూలు.

పుస్తకంలో ప్రతి పేజీనీ మూడు గడులుగా గీశాను. స్టాంపు, తేదీ, "ఇవాళ ఎవరెవరు కనిపించారు". నేను ఇదంతా చేసింది ఆ మూడో గడి కోసం.

పొడుపు కథని గ్రంథాలయం బోర్డు మీదా మా స్కూలు నోటీసు బోర్డు మీదా అంటించాను. మొదట విప్పింది మా ఎనిమిదో తరగతి ఆడపిల్లలు ఇద్దరు. స్టాంపు లేదని ఇంటినుంచి బెండకాయ తెచ్చుకున్నారు. తొడిమ దగ్గర అడ్డంగా కోసి ప్యాడ్ మీద అద్దితే అయిదు రేకుల పువ్వు పడింది. పుస్తకంలో మొదటి గుర్తు ఆ బెండకాయ పువ్వే. మూడో గడిలో "నల్ల బాతు, ముక్కు తెలుపు. చాలా" అని రాశారు. మర్నాడు క్లాసులో అది బాతు అవునా కాదా అని వాళ్లే వాదన పెట్టుకున్నారు. నేను పాఠం ఆపి కాలి రెబ్బల బొమ్మ బోర్డు మీద వేశాను. తర్వాతి ఆదివారం అదే గడి కింద, అవే చేతిరాతల్లో "నామాల కోడి" అని ఉంది, పక్కన రెబ్బలున్న కాలు బొమ్మ కూడా.

సార్వా కోతలయ్యాక బాతుల మందలు తోలుకుంటూ వచ్చేవాళ్లు మా చేలల్లో దిగుతారు. రాలిన గింజ బాతులకి మేత. ఒకాయన నేరేడు కింద చుట్ట కాల్చుకుంటూ, పిల్లలు రాయి వెనకాల ఏం తీస్తున్నారని అడిగాడట. చెప్పగానే తన బొటనవేలు ప్యాడ్ మీద అద్ది పుస్తకంలో వేలిముద్ర వేశాడు. మూడో గడి ఆయన చెబుతుంటే ఒక పిల్లాడు రాశాడు: "ఈలేసేవి. రాత్రిళ్లు నా బాతులు పడుకున్న చేలోకి మేతకి వస్తాయి. తెల్లారకముందే చెరువుకి పోతాయి." ఈలబాతులు ఎక్కువగా రాత్రిపూట మేస్తాయని నేను పుస్తకాల్లో చదివి చెప్పేదాన్ని. ఆయన మంద పక్కన మంచం వేసుకుని పడుకుని చూసి చెప్పాడు. పుస్తకం మొత్తంలో నాకు ఎక్కువ విలువైన గడి అదే.

మార్గశిర పాడ్యమి నాడు, పోలి స్వర్గం దీపాలు వదలడానికి తెల్లవారుజామున ఊరంతా రేవుకి వస్తుంది. ఆ ముందు రోజు డబ్బా తీసేసి, రద్దీ తగ్గాక మళ్లీ పెట్టాను. జనం ఎక్కువగా వచ్చే రోజుల్లో అలా చేయడమే మేలు. ఒకరిద్దరు పిట్టలకని బ్రెడ్డు, మిక్చరు తెచ్చి నీళ్లలో వేశారు. అవి వాటికి సరైన తిండి కాదు, మిగిలింది కుళ్లి నీళ్లు పాడవుతాయి. నేరేడు చెట్టుకి చిన్న అట్ట కట్టి "తిండి వెయ్యకండి, వాటికి చెరువులోనే ఉంది" అని రాశాక చాలామంది మానేశారు. పిట్టలు ఎగిరితే ఫోటో బాగుంటుందని మట్టిబెడ్డలు విసిరిన కుర్రాళ్లని మాత్రం పాట ఆయనే కేకలేసి పంపాడు.

తొలకరి పడగానే డబ్బా ఇంటికి తెచ్చేశాను. వానాకాలం నీటికోళ్లు, తామరాకుల పిట్టలు గూళ్లు పెట్టుకునే కాలం. అప్పుడు గట్టున అలికిడి ఎంత తగ్గితే అంత మంచిది. రుబ్బురోలు వెనక సందులో చీమల పుట్ట కూడా లేస్తోంది. పుస్తకం అంచులు చెమ్మకి కాస్త ఉబ్బాయి, లోపల రాతలన్నీ చక్కగా ఉన్నాయి. దాన్ని నీడలో ఆరబెట్టి కొత్త పేజీలు కుట్టాను, గుళికల పొట్లాలు మార్చాను. వంకరటింకరగా గీసిన పిట్టల బొమ్మలు, బెండకాయ పువ్వులు, ఒక కొబ్బరాకు ముద్ర, దాళ్వా నాట్లకి వచ్చిన కూలీ అమ్మ రాయించిన "తెల్లకొంగ, నా వెనకాలే వచ్చింది" అన్న మాట, అన్నీ ఉన్నాయందులో.

ఈసారి తామరాకుల పిట్టతో రెండో స్టాంపు చెక్కుతున్నాను. పొడుగు వేళ్లు సన్నగా మిగల్చాలి కాబట్టి చుట్టూ ఉన్న రబ్బరంతా చాలా నిదానంగా తీయాలి. నాగుల చవితి వెళ్లాక డబ్బా మళ్లీ గట్టు మీదికి వెళ్తుంది. పొడుపు కథ కొత్తది కట్టి గ్రంథాలయం బోర్డు మీద అంటిస్తాను. పాలకొల్లు వైపు వచ్చేవాళ్లు ప్యాడ్, పెన్సిలు, చేతికర్ర తెచ్చుకోండి. స్టాంపు లేకపోతే ఒక బెండకాయ చాలు.